బావ బిగబట్టిన ఊపిరి

భీమవరం,
ఆగస్టు 12, మంగళవారం.

తెల్లవారుజాము నుంచి ముసురు. గాలి లేదు. గేటు తాళం తుప్పు పట్టి తిరగకపోతే కొబ్బరినూనె వేసి తిప్పాను. ఇప్పుడు తిరుగుతోంది.

అక్కయ్యకు సత్తిబాబు నమస్కారాలు. నువ్వూ, దుర్గా క్షేమమని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వాన పడితే ఎక్కువవుతుందన్నావు, ఈ వారమంతా వానే కదా. దుర్గ కాలేజీకి వెళ్తోందా, వానలని మానేసిందా? నేను బాగానే ఉన్నాను. బావ కూడా బాగానే ఉన్నాడు. ఇక్కడ అంతా బాగానే ఉంది, నువ్వు కంగారు పడొద్దు.

ఫోను ఉండగా ఉత్తరం ఏంటని నవ్వుకుంటావేమో. ఫోనులో నా మాట నాలుగు ముక్కలకే ఆగిపోతోంది. నేను ఊపిరి తీసుకునేలోపు నువ్వు "హలో, హలో, సిగ్నల్ లేదురా" అని పెట్టేస్తున్నావు. సిగ్నల్ ఉంది అక్కా. కాగితం మీద అయితే ఎక్కడెక్కడ ఆగానో నీకు తెలియదు. నాది బళ్ళో నేర్చిన రాత కాదు, సిమెంటు బస్తాల మీద అక్షరాలు చూసి నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకుని చదువు. రోజూ వానా ఎండా చేసిన పనీ రాసుకునే అలవాటు కాబట్టి ఉత్తరం కూడా అలాగే మొదలైపోయింది.

ముందు కొత్త చోటు సంగతి చెబుతాను. ఇప్పుడు నేనుండేది ఊరి చివర రొయ్యల మేత గోడౌనులో, గేటు పక్కన వాచ్‌మన్ గది. మంచం పడుతుంది, పొయ్యి పడుతుంది. మనిషి తిరగాలంటే మంచం ఎత్తి గోడకి ఆనించాలి. కప్పు సిమెంటు రేకు. అది నేను వేసిందేనని మా వీర్రాజు మేస్త్రిగారు అంటారు. నాకు గుర్తు లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల నేను రేకు వెయ్యని షెడ్డు వెతుక్కోవాలి. లారీ వస్తే గేటు తియ్యడం, పోతే వెయ్యడం, మిగతా వేళ కుర్చీలో కూర్చోవడం, ఇదీ పని. అన్నేళ్ళు కప్పుల మీద ఎండలో నిలబడ్డవాడికి నీడలో కుర్చీ దొరికిందంటే బాగుపడ్డట్టే కదా అని అందరూ అంటున్నారు. నేనూ అవునంటున్నాను.

వంట నేనే చేసుకుంటున్నాను. చారు పెట్టుకుంటాను, అప్పడం కాల్చుకుంటాను. చుట్టూ చెరువులే కాబట్టి చేపకి కొదవ లేదు, కానీ ప్రతి చేపకీ బురద వాసన. ఉప్పాడ నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు నెత్తళ్ళు కొంచెం పంపు. ఎక్కువొద్దు. మా చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు రాత్రంతా నీళ్ళు చిలుకుతూ తిరుగుతుంటాయి. కళ్ళు మూసుకుంటే మన ఒడ్డున అలల్లాగే వినిపిస్తుంది. వచ్చిన రోజు ఆ చప్పుడు బాగుందనుకున్నాను. మర్నాడు అదే చప్పుడుకి ఇల్లు కొట్టుకుపోతోందనుకుని లేచి కూర్చున్నాను.

కాంతమ్మగారి గది ఎందుకు ఖాళీ చేశావని అడిగావు. అద్దె పెంచారని చెప్పాను. అది కాదు. నిరుడు దగ్గు ఎక్కువైనప్పుడు ఇక్కడి డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫిల్ము తీయించి, కళ్ళె పరీక్షలో ఏమీ లేకపోయినా, ఇది టీబీయే అయ్యుంటుందని మాత్రలు రాశాడు. ఆర్నెల్లు మింగాను. ఒంటేలు ఎర్రగా వచ్చేది. ఆ మాత్రల అట్ట కాంతమ్మగారి కంట పడింది. మంచావిడే, పండక్కి బూరెలు ఇచ్చే మనిషి. "ఏమీ అనుకోకయ్యా సత్తిబాబూ, నీ గ్లాసు నువ్వు వేరే పెట్టుకో" అన్నారు. వారం పోయాక బకెట్టు వేరన్నారు. ఆ తరవాత నేనే వేరన్నారు.

మాత్రలయిపోయాయి, దగ్గు అలాగే ఉంది, పైగా ఆయాసం. నిచ్చెన సగం ఎక్కి ఆగిపోయేవాణ్ణి. కింద నుంచి రేకు అందిస్తున్న అప్పన్న "ఏంటి బాబాయ్, పైన మబ్బులు లెక్కపెడతన్నావా?" అనేవాడు. అప్పన్న మా ముఠాలో వాడే, నోరు ఎక్కువ. చివరికి మేస్త్రిగారే నన్ను నిచ్చెన దింపేసి, రాజమండ్రిలో ఒక పెద్దాసుపత్రికి వెళ్ళి చూపించుకోమన్నారు.

అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ. నా ఫిల్ము దీపానికి పెట్టి చూసి, "ఏం పని చేస్తారండి?" అంది.

"రేకుల పనండి."

"ఇనప రేకులా, సిమెంటువా?"

"సిమెంటువండి."

"కొయ్యడం మీరేనా?"

"కొయ్యడం, బెజ్జాలు వెయ్యడం, పాతవి విప్పడం, అన్నీ నేనేనండి."

వీపు మీద గొట్టం పెట్టి గట్టిగా ఊపిరి తియ్యమంది. తీశాను. "ఇంకా తియ్యండి" అంది. "అంతేనండి" అన్నాను. ఆవిడ కుర్చీలోకి వెళ్ళి కూర్చుని, "మీకు టీబీ కాదండి. ఎప్పుడూ లేదు" అంది.

అక్కా, ఆ మాట వినగానే లేచి దణ్ణం పెట్టేశాను. కాంతమ్మగారికి ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను. డాక్టరమ్మ నా దణ్ణం చూసి మొహం పక్కకి తిప్పుకుంది. "కూర్చోండి బాబాయ్ గారూ. టీబీ అయితే మందుందండి" అంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ఇది నీకు తెలియాలి. మనం సిమెంటు రేకు అనే దాంట్లో రాతినార అని ఒక పోగు కలుపుతారట. రేకు కదలకుండా పడున్నంత సేపు పెద్దగా ఏమీ చెయ్యదు. కోసినా, బెజ్జం వేసినా, విరగ్గొట్టినా ఆ నార కంటికి ఆననంత సన్నటి ముళ్ళుగా లేస్తుంది. ఊపిరితో లోపలికి పోయిన ముల్లు కరగదు, తిరిగి రాదు. దాని చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడుతుంది. రంపం పట్టిన చేతికి కాయలు కాసినట్టే, లోపల కాస్తాయి. ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. తెలిసేసరికి పని మానేసినా అది ఆగదు. దీనికి తోడు పొగ తాగేవాళ్ళకి క్యాన్సరు వచ్చే అవకాశం చాలా ఎక్కువట. నేను తాగను. బావ చుట్ట లేనిదే పొద్దున మంచం దిగడు.

"రోజూ బెల్లం తింటున్నామండి" అన్నాను. ఇక్కడ రేకుల పనిలో అది ఆచారం. సాయంత్రం పని దిగేటప్పుడు మేస్త్రిగారు తలా ఒక అచ్చు బెల్లం చేతిలో పెడతారు, దుమ్మంతా గొంతులోంచి జారి కడుపులోకి పోతుందని. మేస్త్రిగారు దాంట్లో ఎప్పుడూ పిసినారితనం చూపించలేదు, మంచి బెల్లమే తెస్తారు. నేను చేరినప్పటి నుంచి ఒక్కరోజు మానలేదు. డాక్టరమ్మ, "బెల్లం కడుపులోకి పోతుందండి. దుమ్ము వెళ్ళేది అటు కాదు" అంది. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తిరిగి వచ్చి కాంతమ్మగారి గుమ్మం ముందు నిలబడి, టీబీ కాదటండి, అంటుకునేది కాదటండి అని చెప్పాను. "పోన్లే నాయనా, చల్లటి మాట చెప్పావు" అన్నారు. గది అడిగాను. "ఇంజనీరింగ్ కుర్రాళ్ళకిచ్చేశానయ్యా" అన్నారు. లోపల వాళ్ళ చెప్పులు కనపడుతున్నాయి. తరవాత మేస్త్రిగారు జాలిపడి ఈ గోడౌను వాళ్ళతో మాట్లాడి కుర్చీ ఇప్పించారు. ఆ పెద్దాపురం సంబంధం మాట ఇక ఎవరి దగ్గరా ఎత్తకు అక్కా. మా ఆవిడ పోయాక ఇన్నేళ్ళు ఒంటరిగానే గడిచింది. ఇప్పుడు ఇంకొక ఆవిణ్ణి తెచ్చి నాకు సేవ చేయించడం న్యాయం కాదు.

ఇదంతా నిన్ను బాధపెట్టడానికి రాయలేదు. నేను బాగానే ఉన్నాను, నిజంగానే. కూర్చుంటే ఏమీ లేదు. ఇదంతా రాసింది బావ కోసం.

మా గోడౌనుకి ఎదురుగా పాత ఐసు ఫ్యాక్టరీ ఉంది. మూతపడి చాలా కాలమైంది. దాని కప్పు విప్పేసి కొత్త రేకులు వేసే పని మా మేస్త్రిగారికే వచ్చింది. పోయిన నెల ఒకరోజు పొద్దున నేను కుర్చీలో కూర్చుని ఉండగా మేస్త్రిగారి బండి వెనకాల నుంచి బావ దిగాడు. చంకలో సంచీ, నోట్లో చుట్ట.

"ఏంటి బావా, ఇలా వచ్చావు?"

"ఏంట్రా అలా సూత్తావు? మీ అక్క సెప్పలేదా? రేకుల పనికొచ్చాను."

"ఎవరి ముఠాలోకి?"

"నీ సోట్లోకేరా!" అని నా భుజం మీద చరిచాడు. దగ్గొచ్చింది.

మేస్త్రిగారు బండి స్టాండు వేస్తూ, "మీ అక్కే ఫోను చేసిందయ్యా. మా తమ్ముడికి బాగోలేదంట కదండి, ఆ ఖాళీలో మా ఆయన్ని పెట్టుకోండి అంది. గట్టి మనిషి మీ అక్క" అన్నారు.

నువ్వు చేసింది తప్పని నేను అనను. ఇల్లు సముద్రంలోకి పోయింది. గోడతో పాటు వలలూ పోయాయి. కాలనీలో ఇచ్చిన స్థలంలో గోడలు లేచాయి గానీ కప్పు లేదు. దుర్గ చదువు ఉంది. నీ చోట్లో నేనున్నా అదే ఫోను చేసేవాణ్ణి. నాకు ముందు ఒక మాట చెప్పి ఉంటే ఈ ఉత్తరం అప్పుడే రాసేవాణ్ణి, అంతే.

ఆ రోజే బావకి అంతా చెప్పాను. ఊపిరి అందినంత మేర చెప్పాను. కనీసం రేకుని నీళ్ళతో తడిపి చేతి రంపంతో కొయ్యమన్నాను. మేస్త్రిగారు విని, "తడిరేకు మీద కాలు జారి పడితే నువ్వొచ్చి పట్టుకుంటావా? మిషను ఉండగా రంపమేంటయ్యా, ఈ కప్పు వచ్చే సంక్రాంతికి వేద్దామా?" అన్నారు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమన్నాను. బావ తువ్వాలు తలకి చుట్టుకుని, "ముక్కుకి కడితే రొయ్యలొలిసే ఆడోళ్ళలా ఉంటానురా" అన్నాడు. మిషను పెట్టి కోస్తుంటే మనిషి కనపడడు అక్కా. తెల్లటి పొగలోంచి తువ్వాలు ఒక్కటే కనపడుతుంది. రోడ్డుకి ఇటు కూర్చుని రోజూ చూస్తున్నాను.

ఇంకొకటి జరిగింది. అది చెబితేనే బావ నా మాట ఎందుకు వినడో నీకు తెలుస్తుంది.

పోయిన వారం ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక అప్పన్న బావని ఏడిపించాడు. "కొత్తోడా, బెల్లం దాచుకో. నెల తిరిగేసరికి మీ బావమరిదిలాగా కుయ్యి కుయ్యి మంటావు."

"నాకా?" అన్నాడు బావ. "అడుగున రాళ్ళకి తగులుకున్న వల ఇప్పి పైకొచ్చేదాకా ఊపిరి తియ్యనోణ్ణి. మీ ఊరోళ్ళవి రొయ్యల సెరువులురా. మాది సముద్రం."

"అయితే మునుగు, సూద్దాం. గెలిస్తే ఈ పూట మా అందరి బెల్లం నీకే."

ఫ్యాక్టరీ వెనక ఐసు దిమ్మలు కట్టే పాత తొట్టి ఒకటి ఉంది, వాననీళ్ళతో నిండి. బావ చొక్కా తీసేశాడు. లెక్క ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. "లెక్కలాయన ఉన్నాడుగా" అని ఇద్దరు రోడ్డు దాటి వచ్చి, నన్ను కుర్చీతో సహా ఎత్తుకెళ్ళి తొట్టి పక్కన దింపారు. అప్పటికి నాకూ సరదాగానే ఉంది. ఇరవై ఏళ్ళు కలిసి తిన్నవాళ్ళు, చాలా రోజుల తరవాత నన్ను కలుపుకున్నారు.

బావ తల ముంచాడు. నేను ఒకటి, రెండు అని పైకి అంటున్నాను. ముప్పై దాకా బాగానే వచ్చింది. ఆ తరవాత అంకెకీ అంకెకీ మధ్య ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ఆపితే బావకి అన్యాయం జరుగుతుందని తొందరపడ్డాను. తొందరపడితే ఇంకా అందలేదు. యాభై దాటాక నోరు తెరిచాను, అంకె రాలేదు. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగిపోయాను. బావ తల ఇంకా నీళ్ళలోనే ఉంది, బుడగ కూడా లేదు.

"ఓరి నాయనో! మునిగినోడు బాగానే ఉన్నాడు, ఒడ్డునున్నోడు మునిగిపోతన్నాడ్రా!" అన్నాడు అప్పన్న.

అందరూ నవ్వారు. మేస్త్రిగారు కూడా నవ్వారు. బావ ఇంకా కాసేపుండి తల ఎత్తి, నీళ్ళు విదిలించుకుంటూ, "ఎంతయిందిరా?" అని అడిగాడు. సంగతి చెబితే తనూ పడి పడి నవ్వాడు. నేనూ నవ్వబోయాను. నవ్వుకి కూడా ఊపిరి కావాలని ఆ రోజు తెలిసింది. ఆ తరవాత నన్ను మళ్ళీ ఎత్తుకెళ్ళడం ఎవరికీ గుర్తు రాలేదు. కుర్చీ అక్కడే వదిలేసి, మూడుసార్లు ఆగి రోడ్డు దాటాను.

సాయంత్రం బావ బెల్లమంతా తువ్వాల్లో మూట కట్టుకుని వచ్చాడు. అదే తువ్వాలు. "దుర్గకి పట్టుకెల్తాను, పరవాన్నం వొండమని సెప్పాలి మీ అక్కకి" అన్నాడు. ఆ శనివారం తెచ్చిన బెల్లం అదే. పరమాన్నం వండి ఉంటే చేసేదేమీ లేదు. మిగిలి ఉంటే పారెయ్యి. తువ్వాలు దులపొద్దు.

బట్టల సంగతి ఇంకా ముఖ్యం. డాక్టరమ్మ అడిగింది, "మీ బట్టలు ఎవరు ఉతుకుతారండి?" అని. నేనేనన్నాను. "అదొక్కటి నయం" అంది. ఈ పనివాళ్ళ బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ళకి కూడా ఇది వస్తుందట, కప్పు మొహం చూడకపోయినా. బావ శనివారం వచ్చి చొక్కా దండెం మీద వేస్తాడు. నువ్వు రెండు చేతులతో పట్టుకుని టపటపమని దులుపుతావు. చిన్నప్పటి నుంచి నీకది అలవాటు, నాన్న చొక్కాలో ఇసకని అలాగే దులిపేదానివి. ఇక దులపొద్దు. వాకిట్లోనే విప్పించి, దండెం ఎక్కకుండా నీళ్ళ బకెట్టులో ముంచెయ్యి. దుర్గ బట్టలతో కలపొద్దు. ఆ నీళ్ళు దూరంగా పారబొయ్యి. ఇది మాత్రం మర్చిపోవద్దు. ఇంకెన్ని మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

ఇప్పుడు పాత రేకుల సంగతి. ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద నుంచి దింపిన రేకులు కాలనీలో మీ గదులకి సరిపోతాయని, తీసుకెళ్ళమని మేస్త్రిగారు బావకి మాటిచ్చారు. బావ ఆ మాట మీదే ఇంత కష్టపడుతున్నాడు. నువ్వూ వాటికోసమే ఎదురు చూస్తున్నావని తెలుసు. అవి పాతబడి అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి అక్కా. వేలు పెట్టి రాస్తే దూది పింజలా నార పైకి లేస్తుంది. వాటిని మోసుకెళ్ళాలి, కొలతకి కొయ్యాలి, కొత్త బెజ్జాలు వెయ్యాలి. అదంతా మీ వాకిట్లో జరుగుతుంది. ఆ తరవాత గాలి వేసినప్పుడల్లా మీ మంచాల మీద రాలుతుంది. తాటాకు వెయ్యి. ఏడాదికోసారి మార్చాలి, వాన కారుతుంది, కాలనీలో నలుగురూ ఏమనుకుంటారో అంటావు. అనుకోనీ.

నేను ఊరికే వద్దనడం లేదు. బావకి వేరే పని చూశాను. ఇక్కడ చెరువుల్లో రొయ్యలు పట్టే ముఠాలు ఉంటాయి. మేత కోసం మా గోడౌనుకి వచ్చే ముఠా పెద్దతో మాట్లాడాను. "సముద్రపోడా? వల లాగడం వచ్చినోణ్ణి నేను వొదులుకుంటానా, పంపండి" అన్నాడు. కూలి రేకుల పని కంటే తక్కువ. రాత్రిళ్ళు నీళ్ళలో దిగాలి, కాళ్ళు ఒరుస్తాయి. రోజూ పని ఉండదు. పాత రేకులు ఇచ్చేవాళ్ళు ఉండరు. అన్నీ తక్కువే. కానీ నీళ్ళలో పని, బావకి తెలిసిన పని. ఈ సంగతి చెబితే, "సముద్రం మీద వల ఏసినోణ్ణి, గుంటలో రొయ్యలు పట్టమంటావా?" అన్నాడు.

నేను చెబితే నవ్వుతాడు. నువ్వు చెబితే గొణుక్కుంటాడు గానీ వింటాడు. పెళ్ళయిన దగ్గర నుంచీ చూస్తున్నాను కదా. నువ్వు పంపితే వచ్చాడు, నువ్వు రమ్మంటే వస్తాడు. కాబట్టి ఈ ఉత్తరం చదివిన వెంటనే బావకి ఫోను చేసి, ఆ కప్పు దిగమను. రేకులు వద్దను. దుర్గ మీద ఒట్టు పెట్టించుకో. ఇంతకంటే నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నెత్తళ్ళు పంపడం కుదరకపోతే మానెయ్యి. మోకాలికి వేడి నూనె రాయి. నూకాలమ్మ తల్లి దగ్గర నా పేరున కొబ్బరికాయ కొట్టు. మన ఒడ్డున ఇంకా మిగిలిన ముసలివాళ్ళందరినీ పేరు పేరునా అడిగానని చెప్పు. దుర్గని మానకుండా చదువుకోమను. పెద్దదానివి, అమ్మ తరవాత అమ్మవి. నీ దీవెన నా తల మీద ఉంచు.

నీ తమ్ముడు
సత్తిబాబు

బుధవారం.

వాన తెరిపిచ్చింది. మబ్బు అలాగే ఉంది. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. బావ నిన్న సాయంత్రం పని దిగి ఇక్కడికే వచ్చాడు. నా ఫిల్ము తీసి కిటికీకి పెట్టి చూపించాను. ఇదివరకు ఎప్పుడూ ఇంత ఓపికగా వినలేదు. నవ్వలేదు కూడా. మధ్యలో నేను ఆగినప్పుడల్లా ఆగాడు. చివర్న ఒకటే అడిగాడు.

"నీకు ఎన్నేళ్ళకి బయటపడిందిరా?"

"ఇరవై ఏళ్ళకి."

"నాకిప్పుడు యాభై. ఇరవై కలుపు."

"డెబ్భై."

"మా ఇంటోళ్ళలో డెబ్భై సూసినోడు ఒక్కణ్ణి సెప్పు."

"అందరికీ ఇరవై పట్టదు బావా. నీకు చుట్ట ఉంది. ముందే రావచ్చు."

"పోనీ పదేనుకో. పదేల్లలో దుర్గ సదువవుద్ది, పెల్లవుద్ది. ఒరే సత్తీ, సముద్రం మాకు ఒక్క రాత్రి టయిమివ్వలేదు. ఇదెవరో పెద్దమనిసి రోగంలా ఉందిరా. గడువిచ్చి మరీ వొత్తంది." నా వీపు మీద మెల్లగా నిమిరాడు. ఈసారి చరవలేదు. "మీ అక్కకి రాత్తన్నావా?"

"రాస్తున్నాను."

"రాయి. పాత రేకులు ఆదివారం బండెక్కుతున్నాయని కూడా రాయి. ఎదురు సూత్తది."

రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. పాత రేకులు ఆదివారం బండెక్కుతున్నాయి.

బావ పడుకున్నాక ఆ లెక్కలో తప్పు వెతికాను. దొరకలేదు. డెబ్భై అనగానే మనిషి ఒక్కసారిగా పోతాడని అనుకుంటున్నాడు, అక్కడే తెలియనిది ఏదో ఉంది. పోయే ముందు ఏళ్ళు ఎలా ఉంటాయో బావకి తెలియదు. నాకూ పూర్తిగా తెలియదు, మొదలే అయింది. తెలిసినంత మటుకు చెబుదామంటే ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది. అప్పటికి చెప్పడానికి ఊపిరి ఉండదు.

నీకు ఈ ఉత్తరం శనివారానికి అందుతుంది. బావ కూడా శనివారమే ఇల్లు చేరతాడు. ముందు ఉత్తరం చదివి, ఆ తరవాత బావకి అన్నం పెట్టు. బావ చెప్పే లెక్క నీకు కూడా నిజమే అనిపిస్తుందేమోనని నా భయం. నాకే అనిపించింది. అనిపించినా సరే, వద్దను. ఎందుకని అడిగితే ఏమీ చెప్పకు, వద్దను.

ఇప్పుడు లేచాడు. చుట్ట వెలిగించుకుని గుమ్మంలో కూర్చుని, మధ్యాహ్నం కలిసి తిందామని నాకు కూడా కలిపి క్యారేజీ కట్టమంటున్నాడు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం పొంగుతోంది, గంజి వార్చి, క్యారేజీ కట్టి, ఈ ఉత్తరం పోస్టులో వేస్తాను.